మీట నొక్కేదెవరు?

ముంబైలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో 2021 ఫిబ్రవరి 24న ఉదయం 11.40కి లావాదేవీలు ఆగిపోయాయి. మళ్లీ మొదలయ్యేసరికి మధ్యాహ్నం 3.45 అయింది. మామూలు రోజైతే అప్పటికి మార్కెట్ మూసేసి పావుగంట. రెండు టెలికాం సంస్థల లైన్లు దెబ్బతిన్నాయి, దాంతో డేటా నిల్వ వ్యవస్థ మొరాయించింది, నష్టభయాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది. సరిగ్గా ఇలాంటి రోజు కోసమే చెన్నైలో ఆ సంస్థకు డిజాస్టర్ రికవరీ (డీఆర్) సైట్ ఉంది. ఆ నాలుగు గంటల్లో ట్రేడింగ్‌ను అక్కడికి మార్చలేదు.

మన దగ్గర డీఆర్ గురించి జరిగే చర్చంతా కొనుగోళ్ల చర్చే. ఎన్ని సర్వర్లు, ఎంత స్టోరేజీ, టెండరు ఎవరికి? సర్వర్లు వచ్చి, బిల్లులు పాసయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది.

ఒకే గదిలో ఉన్న సర్వర్ల గుంపులో, అంటే క్లస్టర్‌లో, ఒక సర్వర్ పడిపోతే మిగిలినవి తమలో తాము ఓటేసుకుని పని అందుకుంటాయి. రికవరీ క్లస్టర్‌ను అదే ఊళ్లో పెడితే వరదో భూకంపమో రెండింటినీ కలిపి ముంచుతుంది. దూరంగా పెట్టాలి. దూరం పెరిగేకొద్దీ ప్రతి లావాదేవీకీ అవతలి నుంచి ‘అందింది’ అన్న జవాబు వచ్చేదాకా ఆగడం కష్టం. అందుకే అక్కడి నకలు కాస్త వెనకబడి నడుస్తుంది. ప్రైమరీ, అంటే అసలు వ్యవస్థ, ఉన్నట్టుండి కూలితే చివరి క్షణాల పద్దులు, ఒక్కోసారి నిమిషాల పద్దులు, దారిలోనే పోతాయి. మరో ఇబ్బంది ఇంకా దొంగది. రెండు ఊళ్ల మధ్య లైను తెగినప్పుడు అవతలి సర్వర్ కూలిందో, లైను మాత్రమే తెగిందో ఇవతలి దానికి తెలియదు. రెండూ ‘నేనే ప్రైమరీ’ అనుకున్నాయంటే ఒకే ఖాతాకు రెండు రకాల పద్దులు పుడతాయి. తీర్పు చెప్పడానికి మూడో చోట ఒక సాక్షి సర్వర్‌ను పెట్టే పద్ధతి ఉంది. అదున్నా, చాలా సంస్థలు చివరి మీటను మనిషి చేతికే వదిలేస్తాయి.

మనిషి తటపటాయిస్తాడు. ఇంకో పది నిమిషాల్లో లైను వచ్చేస్తుందేమో! మార్చాక పద్దులు పోతే తప్పు తనది. మార్చకుండా కూర్చుంటే తప్పు టెలికాం వాడిది. ఇంత తేలికైన లెక్క ముందుంటే ఏ అధికారి మాత్రం మీట నొక్కుతాడు?

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021 మార్చిలో చేసిన పని ఈ లెక్కను తిరగరాయడమే. కీలక వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లోగా దాన్ని విపత్తుగా ప్రకటించాలి, ప్రకటించిన 45 నిమిషాల్లో మళ్లీ నడిపించాలి అంది. అంటే నిర్ణయాన్ని అధికారి ధైర్యానికి వదలకుండా గడియారానికి అప్పగించింది. దానికి తోడు డీఆర్ సైట్ నుంచి నిజమైన ట్రేడింగే జరిపి చూపాలంది. 2024లో మార్చి 2న, మే 18న, రెండూ శనివారాలే, ఎక్స్ఛేంజీలు ప్రత్యేకంగా తెరిచి మొదటి విడత ప్రైమరీ నుంచి, రెండో విడత డీఆర్ నుంచి నడిపాయి. అంతమాత్రాన జబ్బు నయమైందనలేం. 2025 అక్టోబరు 28న కమోడిటీ ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో ఉదయం మొదలు కావాల్సిన ట్రేడింగ్ మధ్యాహ్నం ఒంటిగంట దాటాకే, అదీ డీఆర్ సైట్ నుంచి మొదలైంది. అయినా ఇక్కడ గడువు ఉంది, దాటితే అడిగే నాథుడున్నాడు.

ప్రభుత్వాల సంగతి వేరు. దక్షిణ కొరియానే చూడండి. 2022 అక్టోబరులో ఓ డేటా సెంటర్ కాలి టెక్ కంపెనీ కకావో సేవలు రోజుల తరబడి స్తంభిస్తే ఆ దేశ ప్రభుత్వం కంపెనీని గట్టిగానే తలంటింది. మూడేళ్లు తిరక్కుండా, 2025 సెప్టెంబరు 26న, దేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లోనే లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. 600కు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. బయట నకలు లేదు. పరిమాణం మరీ పెద్దది, బ్యాకప్ కుదరలేదన్నది అధికారులు చెప్పిన కారణం. ఎక్కువ ఉంది కాబట్టే కాపాడలేదట!

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో భూమి రిజిస్ట్రేషన్ నుంచి రేషన్ దాకా అన్నీ సర్వర్ల మీదే నడుస్తున్నాయి. ‘సర్వర్ డౌన్’ అన్న మాట మీసేవ కేంద్రానికి వెళ్లిన ముసలమ్మకూ తెలుసు. డీఆర్ ఉందా అని శాసనసభలో అడిగితే ‘ఉంది’ అన్న జవాబు వస్తుంది, అది నిజమే కావచ్చు కూడా. అడగాల్సినవి వేరే రెండున్నాయి: ఈ సేవను డీఆర్ నుంచి చివరిసారి ఎప్పుడు నడిపారు? మీట నొక్కే అధికారం ఏ హోదా అధికారికి రాతపూర్వకంగా ఇచ్చారు?

రిజిస్ట్రేషన్ల శాఖతో మొదలుపెట్టొచ్చు. ఏడాదికి రెండుసార్లు ఆదివారం రోజున వ్యవస్థను డీఆర్‌కు మార్చి, సోమ, మంగళవారాలు దస్తావేజులన్నీ అక్కడి నుంచే చేయించాలి. బుధవారం వెనక్కి తేవాలి, ఆ సాధనా అవసరమే, ఎందుకంటే తిరుగు ప్రయాణంలో పద్దులు కలిపి సరిచూడడం వెళ్లేటప్పటికంటే కష్టం. ఏ కార్యాలయంలో పని ఎంతసేపు ఆగిందో శాఖ వెబ్‌సైటులో పెట్టాలి. నష్టం ఎంతైనా సరే, నిర్ణీత గడువులోగా మీట నొక్కిన అధికారిపై శాఖాపరమైన చర్య ఉండదని జీవోలోనే రాయాలి.