నీళ్లు ఆపండి బాబూ
ఆర్కిడ్ వాడిందంటే మనం చేసే మొదటి పని ఇంకో చెంబు నీళ్లు గుమ్మరించడం. దాన్ని చంపేదీ ఆ చెంబే. ఫెలనాప్సిస్ ఆర్కిడ్ అడవిలో చెట్టు బెరడును కరుచుకుని, వేళ్లను గాలికి వదిలి బతికే మొక్క. కుండీని బురద చేస్తే కుళ్లక ఏం చేస్తుంది? సంక్రాంతికి మా బాల్కనీలోదాన్ని పైకి తీసి నొక్కితే, వేరు తొక్క గోధుమరంగు గుజ్జులా జారిపోయి లోపల దారంలాంటి నరం మిగిలింది. కాల్చి చల్లార్చిన కత్తెరతో కుళ్లినదంతా కోసేశాను. తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచు మీద తగిలీ తగలకుండా నిలబెట్టి, గాజు సీసాలో పెట్టి, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన ఉంచాను. రోజూ కాసేపు మూత తీసేవాణ్ణి. ఎరువు ఊసే లేదు, పీల్చడానికి వేళ్లుంటే కదా! ఆకులు ముడతలు పడ్డాయి, పడనిచ్చాను. మూడు నెలలకు మొక్క మొదలు దగ్గర బియ్యపుగింజంత పచ్చటి వేరు మొన పొడిచింది. ఆ సంబరంలోనూ నా చెయ్యి చెంబు మీదికే పోయింది.