అర్జీ ఎవరి దగ్గర ఆగిందో బోర్డు మీద పెట్టాలి!



2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు మొదలుపెట్టినప్పుడు రెండు వేల జనాభాకు ఒకటి, మన పని మన ఊళ్లోనే అన్నారు. మండల ఆఫీసు చుట్టూ తిరిగే బాధ కొంత తగ్గిన మాట నిజం. 2025 జనవరిలో ప్రభుత్వ సేవ ‘మన మిత్ర’ వచ్చాక వాట్సాప్‌లోనే అర్జీ పెట్టుకుంటున్నాం. మరి భూమి రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్‌కూ, కుల ధ్రువీకరణ పత్రానికీ ఇంకా ఎందుకు తిరుగుతున్నాం? అర్జీ పెట్టడం సులువైంది. తేల్చడం కాలేదు.

ఒక్క మ్యుటేషన్ సంగతే చూడండి. కౌంటర్లో డిజిటల్ అసిస్టెంట్ ఎక్కించి రసీదు ఇస్తారు. అర్జీ వీఆర్వో లాగిన్‌కు పోతుంది. ఆయనేమో భూముల రీసర్వే పనిమీద పొలాల్లో ఉంటారు. విచారణ రాశాక ఆర్‌ఐకి, తర్వాత తహసీల్దారుకు. ఏ లాగిన్‌లో ఎన్ని రోజులుగా పడి ఉందో కంప్యూటర్‌కు తెలుసు. మనకు చెప్పేది మాత్రం ‘సర్వర్ లేదు, రేపు రండి’.

ఉద్యోగుల మీద అరిస్తే పని కాదు. ఒకటో తారీఖున పొద్దున్నే పింఛను డబ్బుతో గడప గడపకూ వచ్చేది వాళ్లే. ఆపైన సర్వేలు, ఈ-కేవైసీలు, ఓటర్ల జాబితా పనులు. పోస్టు ఖాళీ అయితే పక్క ఊరి ఉద్యోగికి ఇన్‌చార్జి అంటగడతారు, రెండు ఊళ్ల పనీ మూలపడుతుంది. పైవాళ్లు హాజరు పడిందా లేదా అని రోజూ చూస్తారు. ఎన్ని అర్జీలు గడువులోగా తేలాయో ఊరికి చెప్పేవాళ్లు లేరు. అసలు జబ్బు ఇదే.

అందుకే మనం అడుగుతున్నాం: పెండింగ్ అర్జీల నంబర్లు, ఏ సీటు దగ్గర ఎన్నాళ్లుగా ఉన్నాయో ప్రతి సోమవారం నోటీసు బోర్డు మీద పెట్టాలి. గడువు దాటితే కారణం రాసివ్వాలి. ఖాళీలు నింపాలి. అప్పటిదాకా ఇన్‌చార్జి ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో ముందే చెప్పాలి.

దళారికి పైసా ఇవ్వకండి. అర్జీ ఆగిపోతే సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద రాసి అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. చదువుకున్న పిల్లలూ, రాయలేని పెద్దలకు మీరు రాసిపెట్టండి.

వచ్చే గ్రామసభకు ఇంటికొకరు రసీదులు పట్టుకుని తరలిరండి! పెండింగ్ జాబితా బోర్డు మీద పెట్టాలన్న తీర్మానం పుస్తకంలోకి ఎక్కేదాకా ఎవరూ లేవకండి!

ఇట్లు,
సచివాలయం పరిధి గ్రామస్థులు