బరువు మోయని ఇటుకకు డబ్బెందుకు?

పేదవాడి ఇల్లు చౌకలో కట్టాలనగానే మన బుర్ర రెండు వైపులకే పోతుంది: సిమెంటు పాలు తగ్గించడం, లేదా గది కొలత కుదించడం. మొదటిది ఇంటి ఆయుష్షు తీస్తుంది, రెండోది సంసారాన్ని ఇరుకున పెడుతుంది. పొదుపు చేయాల్సిన చోటు వేరే ఉంది. గోడలోనూ స్లాబులోనూ ఏ బరువూ మోయకుండా ఊరికే కూర్చునే సామాను చాలా ఉంటుంది; తీసేయాల్సింది దాన్ని. కేరళలో ఈ మాటను కట్టి చూపించినవారు లారీ బేకర్. ఇంగ్లండులో పుట్టి 1945లో మన దేశానికి వచ్చిన ఆ ఆర్కిటెక్టు, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు.

మామూలు తొమ్మిదంగుళాల గోడలో ఇటుకలను పడుకోబెట్టి పేరుస్తారు. బేకర్ వాటిని అంచు మీద నిలబెట్టి, నడుమ ఖాళీ గళ్లు వదిలి కట్టించారు. ఇంజినీర్లు దీన్ని ర్యాట్‌ట్రాప్ బాండ్ అంటారు. గోడ మందం తగ్గదు, ఇటుకలు మాత్రం దాదాపు నాలుగో వంతు మిగులుతాయి. ఆ గళ్లలోని గాలి ఎండ వేడిని లోపలికి త్వరగా రానివ్వదు. స్లాబుదీ ఇదే లెక్క. బరువుకు స్లాబు వంగినప్పుడు పై పొర నొక్కుకుంటుంది, కింది పొర సాగుతుంది. ఆ సాగుడును కాసేది ఇనుము. అక్కడి కాంక్రీటు చాలావరకు దండగ బరువే. చువ్వల నడుమ పాత మంగుళూరు పెంకులు పరిచి కాంక్రీటు పోస్తే సిమెంటు తగ్గుతుంది, కప్పు తేలికవుతుంది, ఇనుమూ కలిసొస్తుంది.

బోలు గోడ భూకంపానికి నిలుస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. భూకంపం తోపు కట్టడం బరువును బట్టి ఉంటుంది కనుక తేలిక గోడకు ఆ మేరకు మేలు. అంతటితో సరిపోదు: మూలల గళ్లలో నిలువు చువ్వలు దించి కాంక్రీటు నింపాలి, లింటెల్ ఎత్తున చుట్టూ బెల్టు వేయాలి. ఇటుక నాసిరకమైతే, మేస్త్రికి పనితనం లేకపోతే ఈ పద్ధతి చెల్లదు. ఇక రెండో అభ్యంతరం మరింత పదునైనది: ప్రయోగాలన్నీ పేదల నెత్తినేనా? బేకర్ తిరువనంతపురంలో ఆర్థికవేత్తలు పనిచేసే సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణాన్నీ, తానుండే ఇంటినీ తన పొదుపు సూత్రాలతోనే కట్టారు. చదువుకున్నవారికి పనికొచ్చిన గోడ పేదవాడికి చిన్నతనం కాదు.

మరి ఇన్నేళ్లయినా ఇది ఊరూరా ఎందుకు పాకలేదు? కాంట్రాక్టరు బిల్లు వాడిన సామాను కొలతను బట్టి పెరుగుతున్నంత కాలం, ఇటుకలు మిగిల్చే పనిమీద ఆయనకు ఆసక్తి ఉండదు. ఈ గోడకు పనితనం ఎక్కువ కావాలి, మేస్త్రి కూలి కాస్త పెరుగుతుంది. దాన్ని లోపమంటారు, నేను మేలంటాను. సిమెంటు మీద పెట్టిన డబ్బు ఊరు దాటిపోతుంది, కూలికి ఇచ్చింది ఊళ్లోనే తిరుగుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల గృహ పథకాల్లోనూ ముందు మేస్త్రులకు ఈ పని నేర్పాలి, ప్రభుత్వ ధరల పట్టికలో దీనికి తగిన కూలి రాయాలి. అలా మిగిలిన సొమ్ము ఖజానాకు తిరిగి పోకూడదు. అదే ఇంటికి మరో గదిగా మారాలి.