చదువరి వచ్చువరకు భాషానిర్ణయము ఆగవలెను

ముషీరాబాదు, తార్నాక, విశ్వవిద్యాలయ ప్రాంగణములందలి అధ్యాపకులకు, విద్యార్థులకు, ప్రోగ్రామర్లకు, ప్రజల కొరకు వెబ్‌సైట్లు చేయించు అధికారులకు విజ్ఞప్తి

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో నిజాము ఫర్మానాతో అవతరించినపుడు బోధనాభాష ఉర్దూ యని నిర్ణయమయ్యెను. ఉన్నతవిద్యకు వలసిన గ్రంథములు ఆ భాషలో లేకుండుటచే, అంతకు ముందటి యేడే మౌల్వీ అబ్దుల్ హఖ్ ఆధ్వర్యవమున దారుల్ తర్జుమా అను అనువాదశాఖ నెలకొని, గణితము, వైద్యము, చరిత్ర, న్యాయశాస్త్రము మున్నగు విషయములందు వందలకొలది పుస్తకములను ఉర్దూలోనికి తెచ్చినది. దేశభాషలో సైన్సు చెప్పవచ్చునని చేసి చూపిన ఆ సాహసమును నేటికిని మెచ్చుకొనవలసినదే. అయితే రాజ్యమున అన్ని భాషలకంటె ఎక్కువమంది మాటలాడునది తెలుగై యుండగా, వారి పిల్లలు పరాయిలిపిలో చదువుకొనవలసి వచ్చెను. 1948 తరువాత అవే గదులలో ఇంగ్లీషు నెలకొనగా అందరికిని ఒక్కమారే మరియొక పరాయిలిపి వచ్చిపడెను. రెండు తడవలను నిర్ణయము ఎక్కడనో ఒకచోట, ఒకేసారి, అందరి పక్షమునను జరిగిపోయినది. అచ్చుయంత్రపు కాలమున అది తప్పని సంగతి: పుస్తకము ఏ భాషలో నుండునో చదువరి ముఖము చూడకముందే తేలినగాని అచ్చుకు పోదు. కంప్యూటరు తెరకు ఆ నిర్బంధము లేదు. లేకున్నను, మన ప్రోగ్రామర్లలో పెక్కుమంది తెరను అచ్చుపుస్తకము వలెనే భావించి, చదువరి రాకముందే అతని భాషను తేల్చివేయుచున్నారు. ఈ అలవాటు మానవలెనని కోరుటకే ఈ కరపత్రము.

ఇది పండితుల పట్టుదల కాదు, ఈ వీధుల అవసరము. 2011 జనాభా లెక్కలలో హైదరాబాదు జిల్లాయందు తెలుగు తమ మాతృభాష యన్నవారును, ఉర్దూ తమ మాతృభాష యన్నవారును నూటికి 43 చొప్పున ఇంచుమించు సరిసమానముగా నుండిరి. తెలుగు 1966 చట్టముచే అధికారభాష. ఉర్దూ 2017లో తెలంగాణ మంతటను రెండవ అధికారభాష యయ్యెను. పూర్వము జైలుండిన స్థలమున వెలసిన గాంధీ ఆసుపత్రికి జిల్లాలనుండి వచ్చు రోగి బంధువును, రామ్‌నగర్ చేపల బజారులో వ్యాపారము చేయు ఖాన్‌సాహెబును, తార్నాకలో గది యద్దెకు తీసుకొని పోటీపరీక్షలకు చదువు విద్యార్థినియు ఒకే నిమిషమున ఒకే సర్వరు తలుపు తట్టుదురు. ఒకే ప్రోగ్రాము ముగ్గురికిని ముగ్గురి భాషలలో బదులు చెప్పవలెను. ఆ బదులు చెప్పుట ఎక్కడ చెడునో తెలియవలెనన్నచో, యంత్రాంగమును కొంచెము విప్పి చూడక తప్పదు.

ప్రోగ్రాములలోని వాక్యములను అనువదించుటకు లోకమున విస్తారముగా వాడుకలోనున్న పరికరము, 1990ల మధ్యలో గ్నూ బృందము వెలువరించిన గెట్‌టెక్స్ట్. మూలవాక్యమును తాళపుచెవిగా నిచ్చినచో, అనువాదకులు కూర్చిన పట్టికనుండి, ఆ క్షణమున అమలులోనున్న భాషకు తగిన వాక్యమును అది తెచ్చియిచ్చును. చిక్కంతయు ‘ఆ క్షణమున’ అను మాటలోనే యున్నది. దరఖాస్తు ఫారములోని గడుల పేర్లు, ‘ఈ గడి తప్పక నింపవలెను’ వంటి హెచ్చరికలు, మెనూలోని పేర్లు — ఇవన్నియు సాధారణముగా ఫైలు పైభాగమున, ఏ ఫంక్షనులోను ఇమడక, ప్రోగ్రాము లోడగునపుడే ఒక్కసారి గణింపబడును. అప్పటికి వచ్చిన చదువరి ఎవ్వరును లేరు. కనుక సర్వరు స్వభావసిద్ధమైన భాష, అనగా నూటికి తొంబదిపాళ్లు ఇంగ్లీషు, ఆ గడులలో గడ్డకట్టి, పిమ్మట వచ్చువారు ఎన్నిమారులు ‘తెలుగు’ బొత్తాము నొక్కినను కరుగదు.

ఇంతకంటె విచిత్రమైనది మరియొకటి కలదు. ఆ ఫైలు మొదటి అభ్యర్థన వచ్చినపుడు మాత్రమే లోడగు ఏర్పాటున్నచో, ఆనాడు అందరికంటె ముందు వచ్చినవాని భాషయే తక్కిన అందరి నెత్తిన కూర్చుండును. ఉదయమున ఉర్దూ చదువరి తొలుత వచ్చినచో సాయంకాలము వరకు తెలుగువారును కుడినుండి యెడమకు నడచు లిపినే చూడవలెను. సర్వరులో నాలుగు ప్రాసెసులు సమాంతరముగా నడచుచున్నచో ఒక్కొక్కటి ఒక్కొక్క భాషలో గడ్డకట్టవచ్చును గనుక, పేజీని తిరిగి తెరచిన ప్రతిపర్యాయమును భాష మారుచుండును. రీస్టార్టు చేయగనే రోగము రూపు మార్చుకొనును. తన లాప్‌టాప్‌మీద తానొక్కడే, ఒక్క భాషలో పరీక్షించుకొను ప్రోగ్రామరుకు ఇది ఎన్నడును కనబడదు. ఫిర్యాదు చేసినవాడు అబద్ధమాడినట్లే అతనికి తోచును.

చికిత్స సులభము, క్రొత్తదియును కాదు. అవసరము వచ్చువరకు గణనము నాపియుంచుట ఆల్గాల్ 60 అను ప్రోగ్రామింగు భాష కాలమునుండి ప్రోగ్రామింగు శాస్త్రమున ఎరిగినదే. 1976లో ఫ్రీడ్‌మన్, వైజ్‌లు ఒకవంకను, హెండర్సన్, మారిస్‌లు ఒకవంకను దీనిని సిద్ధాంతరూపమున ప్రతిపాదించిరి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు ఒక వార్తాపత్రిక కార్యాలయమున పుట్టి 2005లో బయటి లోకమునకు వచ్చిన జాంగో అను వెబ్ ఫ్రేమ్‌వర్కు దీనిని అనువాదమునకు అన్వయించి, గెట్‌టెక్స్ట్ ప్రక్కనే గెట్‌టెక్స్ట్ లేజీ అను జంటను నిలిపినది. ఫ్లాస్క్ అను వేరొక ఫ్రేమ్‌వర్కు వాడువారికి ఫ్లాస్క్-బేబెల్ అట్టిదానినే ఇచ్చుచున్నది. ఇట్లు పుట్టు ‘లేజీ స్ట్రింగు’ అనువాదమును చేతబట్టుకొనదు. ఏ వాక్యమును వెదుకవలెనో దాని జ్ఞాపకమును మాత్రము పట్టుకొని, పేజీ తయారగు తుదిక్షణమున, ఎదుటనున్న చదువరి భాష తెలిసిన పిమ్మట, పట్టిక తెరచును. తార్నాక చౌరస్తాలో దోసెల బండివాడు ఉదయమే దోసెలన్నియు పోసి పేర్చిపెట్టుకొనడు. పిండి రుబ్బుకొని, పెనము కాల్చుకొని, ఉల్లిపాయ కావలెనా యని అడిగిన తరువాతనే పోయును. ఆండ్రాయిడ్ ఫోనులలో వాక్యములకు సంఖ్యారూపమున గుర్తులుండుటచే ఈ విలంబము సహజముగనే అమరియున్నది. అక్కడను ఆ గుర్తును యాప్ మొదలగునపుడే వాక్యముగా మార్చి దాచుకొని, దానిని చెడగొట్టువారు లేకపోలేదు.

లేజీ స్ట్రింగు పెట్టినంతనే పని ముగియదు; దానిని నలగగొట్టు అలవాట్లు కొన్ని యున్నవి. వానిలో ముఖ్యమైనది ముక్కలు ముక్కలుగా వాక్యమును అతికించుట. లేజీ స్ట్రింగును మామూలు స్ట్రింగుతో కలిపి ఫైలు పైభాగముననే ఫార్మాట్ చేసినచో అది అక్కడికక్కడే మేలుకొని, అప్పటి భాషలో గడ్డకట్టును. ఇంగ్లీషున క్రియ నడుమ నుండును, తెలుగున తుదకు పోవును. ఇంగ్లీషు ముక్కలను వరుసగా అనువదించి కూర్చినచో తెలుగు వాక్యము కాళ్లు పైకి, తల క్రిందికి నిలుచును. పేరు ఖాళీలో నింపి దాని వెనుక ‘కు’ తగిలించుటయు ప్రమాదమే, ఏలనన ‘రాముడు’ విభక్తి చేరగా ‘రామునికి’ యగును, ‘ఇల్లు’ ‘ఇంటికి’ యగును. యంత్రము ‘రాముడుకు’ అని వ్రాసిపెట్టును. కావున వాక్యము సమగ్రముగా అనువాదకుని చేతికి రావలెను, ఖాళీలకు పేర్లుండవలెను, మనుష్యుల పేర్లు ప్రథమావిభక్తిలో ఒదుగునట్లు ‘దరఖాస్తుదారు: ఫలానా’ అను తీరున వాక్యమును మలచుకొనవలెను. ఏకవచన బహువచనముల ఎంపికను కూడ సంఖ్య తెలిసిన పిమ్మటనే చేయు లేజీ ఫంక్షనులు ఉన్నవి, వానిని వాడుడు.

రెండవ అలవాటు, అనువదించిన వాక్యమును డేటాబేసులో దాచుట. ‘మీ దరఖాస్తు అంగీకరింపబడినది’ అను వాక్యమును తెలుగులోనే దాచినచో, రేపు అదే ఫైలును ఉర్దూలో చూచు గుమాస్తాకు తెలుగే కనబడును. దాచవలసినది సంఘటన గుర్తును, దరఖాస్తు సంఖ్య, తేదీ వంటి వివరములను మాత్రమే. వాక్యము చూచునపుడు పుట్టును. రాత్రివేళ ఎస్సెమ్మెస్‌లు, ఈమెయిళ్లు పంపు పనులకు ఎదుట చదువరి లేడు గనుక, లేజీ స్ట్రింగు కూడ అక్కడ ఎవరి భాషయో ఎరుగక సర్వరు భాషకే దిగజారును. ప్రతి పౌరుని భాషను అతని ఖాతాలో వ్రాసియుంచి, సందేశము పంపు క్షణమున ఆ భాషను అమలులోనికి తేవలెను. ఇంత చిన్న గడిని ఖాతాలో చేర్చకుండ కోట్ల రూపాయల పథకములు నడచుట నాకెప్పుడును ఆశ్చర్యమే.

వేగము తగ్గునని కొందరు అభ్యంతరము చెప్పుదురు. పట్టిక మొత్తము ముందే జ్ఞాపకములో చేరియుండును. అందులో ఒక వాక్యమును వెదకుట, అదే పేజీ డేటాబేసును ఒక్కసారి అడుగుటతో పోల్చదగినది కాదు. లేజీ స్ట్రింగు నిజమైన స్ట్రింగు కాకుండుటచే జేసన్‌గా మార్చునపుడు మొరాయించునన్నది మాత్రము సత్యము. దానికి జాంగోతో వచ్చు ఎన్‌కోడరు కలదు, లేదా పంపుటకు ముందు స్ట్రింగుగా మార్చుట ఒక్క పంక్తి పని. ఎల్లచోటులను లేజీయే వాడుడని నేననను: అభ్యర్థన వచ్చిన పిమ్మట నడచు ఫంక్షను లోపల మామూలు గెట్‌టెక్స్ట్ చాలును, లాగు ఫైళ్లకు అసలు అనువాదమే వలదు. ‘ఎవరును తెలుగు బొత్తాము నొక్కుట లేదు, ఇంత శ్రమ ఎందుకు’ అను వాదము మాత్రము నాకు చిరాకు కలిగించును. నొక్కినను సగము పేజీ ఇంగ్లీషుననే మిగులుచున్నపుడు రెండవమారు ఎవడు నొక్కును? గ్నోమ్, కేడీఈ అను డెస్క్‌టాప్ తెరలను స్వచ్ఛందముగా కూర్చుండి తెలుగు చేసినవారి శ్రమ, 2003 డిసెంబరునుండి తెలుగు వికీపీడియాను పెంచుచున్నవారి శ్రమ మన యెదుట నున్నది. అనువాదకుల కొరత యని తప్పించుకొనుటకు వీలులేదు. పట్టికలో తెలుగు వాక్యము సిద్ధముగా నుండియు తెరకెక్కకపోవుట అనువాదకుని నేరము కాదు.

కనుక ప్రాంగణమున కంప్యూటరు శాస్త్రము బోధించు అధ్యాపకులు చివరి సంవత్సరపు ప్రాజెక్టులకు మార్కులు వేయునపుడు, ప్రజలు వాడదగిన ప్రతి ప్రాజెక్టునకును ఒక పరీక్ష పెట్టవలెనని కోరుచున్నాము. ప్రజాధనముతో వెబ్‌సైట్లు చేయించు అధికారులు అదే పరీక్షను టెండరు నిబంధనగా వ్రాసి, అది నెగ్గినగాని తుదివిడత బిల్లు మంజూరు చేయరాదు. ఆ పరీక్ష యిది: సర్వరును రీస్టార్టు చేసి, ఒక ఫోనులో తెలుగును, వేరొక ఫోనులో ఉర్దూను ఎంచుకొని, తెలుగు ఫోనునుండి ముందుగా ఫారము తెరచి, గడులను ఖాళీగా వదలి పంపవలెను. పిమ్మట ఉర్దూ ఫోనునుండి అట్లే చేయవలెను. గడుల పేర్లు, తప్పుల హెచ్చరికలు, తరువాత వచ్చు ఎస్సెమ్మెస్ — మూడును ఎవరి భాషలో వారికి రావలెను. మరల రీస్టార్టు చేసి, ఈసారి ఉర్దూ ఫోనునుండి మొదలుపెట్టవలెను. ఫైలు పైభాగమున మామూలు గెట్‌టెక్స్ట్ పిలుపు కనబడినచో కోడును త్రిప్పి పంపు చిన్న తనిఖీ స్క్రిప్టును విద్యార్థులే ఒక మధ్యాహ్నమున వ్రాయగలరు. ఈ సెమిస్టరులోనే దానిని వ్రాయించి, తరువాతి తరగతి వారికి అప్పగించుడు.