పాత ఇల్లు ఆడపిల్లకి

లివర్‌పూల్‌లో ఎవర్టన్ క్లబ్బు మగ జట్టు 2025లో మెర్సీ నది ఒడ్డున కట్టిన కొత్త స్టేడియానికి మారింది. 1892 నుంచీ తాము ఆడిన గుడిసన్ పార్కుని మహిళల జట్టుకి ఇచ్చారు. చరిత్రాత్మకమైన కానుక అంటున్నారు. నాకు మాత్రం, కొడుకు కొత్త మేడలోకి మారుతూ పాత పెంకుటింటి తాళంచెవి ఆడపిల్ల చేతిలో పెట్టినట్టుంది.

ఆ ఇంటిని ఒకప్పుడు ఎవరు నింపారు? 1920 డిసెంబరు 26న అక్కడ డిక్ కెర్ లేడీస్, సెయింట్ హెలెన్స్ లేడీస్ జట్లు ఆడాయి. దాదాపు 53,000 మంది చూశారు. చోటు చాలక వేలమంది గేటు బయటే ఉండిపోయారు. డిక్ కెర్ అనేది ప్రెస్టన్‌లోని ఒక ఫ్యాక్టరీ. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ మందుగుండు తయారుచేసిన ఆడవాళ్ల జట్టు అది. ఆ రోజు వసూలైన సొమ్ము మాజీ సైనికుల సహాయానికి పోయింది.

ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ ఆట ఆడవాళ్లకి తగదని తీర్మానించింది. విరాళాల లెక్కల మీద అనుమానాలు కూడా జోడించింది. (ఆడదాని చేతిలో డబ్బు కనబడితే లెక్కలడగడం ఎక్కడైనా ఒకటే.) గమనించండి, ఆట మానమనలేదు. తన సభ్య క్లబ్బుల మైదానాలు ఇవ్వొద్దంది, అంతే. మైదానం పోయాక టికెట్లు లేవు, జనం లేరు, పత్రికలో వార్త లేదు. ఆ నిషేధం తొలగడానికి యాభై ఏళ్లు పట్టింది.

ఇప్పుడేమో, ఆడవాళ్ల ఆటకి జనం ఎక్కడొస్తారు, అంత పెద్ద స్టేడియం ఎందుకు, అని అడుగుతారు. కొత్త స్టేడియంలో కుర్చీలు కూడా దాదాపు 53,000! ప్రేక్షకుల్ని తరిమేసి ప్రేక్షకులేరీ అనడం, మనకి పాఠకులేరీ అన్న విమర్శకుల గొంతులాగే ఉంది.

స్టేడియం అంటే గడ్డీ గోలుపోస్టులూ మాత్రమే కాదు. నగరం తన నేలనీ, నీళ్లనీ, డబ్బునీ ఎవరికోసం ఖర్చుపెడుతుందో అందులో కనబడుతుంది. బ్రామ్లీ-మూర్ డాక్ అనే పాత రేవుని ఇసుకతో పూడ్చి దీన్ని కట్టారు. 2021లో యునెస్కో లివర్‌పూల్‌ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసినప్పుడు చెప్పిన కారణాల్లో ఈ కట్టడమూ ఒకటి. పాడుబడ్డ రేవులకి ప్రాణమొస్తుందన్నారు. రావచ్చు. కానీ ఆడవాళ్ల ఆట కోసం ఏ నగరమైనా అంత వదులుకుంటుందా?

ఇంకో చిక్కుంది. గుడిసన్‌ని పడగొట్టి ఇళ్లు, ఆరోగ్య కేంద్రం వంటివి కట్టాలన్నది మొదటి ప్రణాళిక. వాల్టన్ పేదలుండే పేట. అవి ముందుగా అక్కరకొచ్చేది ఆ పేట ఆడవాళ్లకే. రేపు అవి రాకపోతే నింద ఆటగత్తెల మీద పడుతుంది. పేట ఆడవాళ్లనీ, ఆటాడే ఆడవాళ్లనీ ఒకే ముక్క నేల కోసం ఎదురెదురుగా నిలబెట్టడం పితృస్వామ్యానికి కొత్త విద్యేం కాదు.

అంతకుముందు మహిళల జట్టు ఆడిన వాల్టన్ హాల్ పార్కులో రెండు వేల పైచిలుకు మందికే చోటు. కాబట్టి గుడిసన్‌ని వద్దనక్కర్లేదు. బాకీ కింద జమ చేసుకోవాలి. గుడిసన్ మరమ్మతులకి ఏటా ఎంత పెడతారో, నది ఒడ్డు స్టేడియంలో ఏటా ఎన్ని ఆటలు తమవో, వాల్టన్‌కి చెప్పిన ఆరోగ్య కేంద్రం ఎక్కడ కడతారో, ఈ మూడూ క్లబ్బు చేత కాగితం మీద రాయించుకోవాలి.