చదువుకున్న చేతికి పానా బరువా?

చదువుకున్నవాడు చేతికి మసి అంటకుండా బ్రతకాలన్న భావం మన సమాజంలో ఎంత లోతుగా పాతుకుపోయిందో వేరుగా చెప్పనక్కరలేదు. గొలుసు జారిన సైకిలును షాపు దాకా నెట్టుకుంటూ పోయే యువకులను నిత్యం చూస్తూనే ఉన్నాం. విషయం చిన్నదే కావచ్చు. కాని దాని వెనుక ఉన్న మనస్తత్వం చిన్నది కాదు.

ఇటీవల మా విద్యార్థి ఒకడు కొండదారులలో తొక్కే రకం పాత సైకిలు ఒకటి కొన్నాడు. వెనుక చక్రపు కుదుపులను తట్టుకోవడానికి చట్రం నడుమ షాక్ అబ్జార్బరు అమర్చిన సైకిలు అది. పెనుకొండ కొండదారిలో రెండు నెలలు తిరిగేసరికి వెనుక భాగం కటకటలాడసాగింది. షాపులో చూపిస్తే, షాక్ పోయింది, కొత్తది తెప్పించాలన్నారు. కొన్న ధరలో సగం దానికే అవుతుందని తెలిసి, ఆ పిల్లవాడు సైకిలును గోడకు చేరవేశాడు.

ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని దానిని విప్పాము. నేను తెలుగు చెప్పేవాడిని, యంత్రశాస్త్రం చదివినవాడిని కాను. అయినా ఓపిక, నాలుగు ఎలెన్ కీలు ఉంటే కొంత దూరం పోవచ్చునని ఆనాడు తెలిసింది. రెండు కొనల బోల్టులు తీసేముందు వాషర్లు ఏ వరుసలో ఉన్నవో కాగితంపై గీసుకున్నాం. షాక్ బయటికి తీసి చూస్తే స్ప్రింగు బాగానే ఉంది, కడ్డీ వంగలేదు. అరిగినది పైకొనలోని బుష్ ఒక్కటే! హిందూపురంలో లేతు పనివాడొకరు పాతదాని కొలతకు కొత్తది తయారుచేసి ఇచ్చాడు. మరుసటి ఆదివారానికి సైకిలు మళ్లీ కొండెక్కింది.

బుష్ ఎందుకరిగింది? ఇది ఆలోచించవలసిన ప్రశ్న. వెనుక చక్రం 125 మిల్లీమీటర్లు పైకి లేచే సైకిలులో షాక్ 50 మిల్లీమీటర్లే కుంచించుకుంటుందనుకోండి. అప్పుడు చక్రం మీద పడే బలానికి సుమారు రెండున్నర రెట్లు షాక్ మీద పడుతుంది. పాఠ్యపుస్తకంలో మార్కుల కోసం చదివే తులాదండ సూత్రమే ఇది. ఆ విద్యార్థికి అది పరీక్షలో కంటె ఆ అరిగిన లోహపు ముక్కలో బాగా అర్థమయింది.

అయితే, అన్నింటినీ మనమే విప్పవచ్చునని నేను అనడం లేదు. చవక సైకిళ్లలో చాలావాటికి ఉన్నది ఉత్త స్ప్రింగు మాత్రమే. మేలురకం షాక్‌లో నూనె సన్నని రంధ్రాల గుండా ప్రవహిస్తూ, కుదుపు బలాన్ని వేడిగా మారుస్తుంది. అది లేకుంటే సైకిలు బంతిలా ఎగురుతూనే ఉంటుంది. స్ప్రింగుకు బదులు గాలితో పనిచేసే షాక్‌లలో ఒత్తిడి చదరపు అంగుళానికి 200 పౌండ్లు కూడా దాటుతుంది. కారు టైరులో ఉండేది 30, 35 పౌండ్లే. కనుక గాలి పూర్తిగా వదలనిదే దాని మరను తిప్పరాదు. గాలి తీసిన తరువాత పైగొట్టం విప్పి, తుడిచి, రబ్బరు సీళ్లు మార్చి, గ్రీజు రాసి బిగించడం ఇంట్లో చేయదగిన పనే. రాక్‌షాక్స్ వంటి తయారీదారులు ప్రతి 50 గంటల స్వారీకి ఒకసారి ఆ పని చేయమంటారు. కాని నూనె నురగ కట్టకుండా నత్రజని నింపిన లోపలి గది జోలికి మాత్రం తగిన పనిముట్లు, శిక్షణ లేనివారు పోరాదు. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా విద్యలో భాగమే.

అసలు ఈ కొండసైకిలు పుట్టిందే మరమ్మతులోంచి. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువకులు పాత సైకిళ్లను తామే మార్చుకుని కొండల మీదనుండి దిగేవారు. 1976లో మొదలైన వారి పందెం పేరు 'రీప్యాక్'. ఒక్కసారి దిగేసరికి వెనుక బ్రేకు వేడికి గ్రీజు కాలిపోయేది. విప్పి, మళ్లీ గ్రీజు కూరవలసి వచ్చేది. పందేనికి ఆ పనే పేరయింది!

అంత దూరం పోనక్కరలేదు. ధర్మవరంలో నేతగాడు తెగిన పోగును తానే అతుక్కుంటాడు, మగ్గం మొరాయిస్తే ముందు తానే చూసుకుంటాడు. ఇక మన ఎర్రమంచి సంగతి చూడండి. 2019 డిసెంబరులో ఇక్కడ ప్రారంభమైన కియా కర్మాగారం ఏటా మూడు లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యంతో నిర్మింపబడింది. ఆ కార్ల నాలుగు మూలలా పనిచేసేది కూడా ఈ స్ప్రింగు, నూనెల సూత్రమే. రేపు అక్కడ ఉద్యోగం ఆశించే మన విద్యార్థి బోల్టు బిగించడంతోనే తృప్తి పడాలా, లేక అది ఎందుకక్కడ ఉన్నదో కూడా తెలుసుకోవాలా?

మనమే బాగుచేసుకుంటే సైకిలు మేస్త్రీల పొట్ట కొట్టినట్లు కాదా అని కొందరడగవచ్చు. కాదని నా అభిప్రాయం. పని తెలిసినవాడికే పనివాడి విలువ తెలుస్తుంది. బుష్ ఒకటి చేతిలో పట్టుకుని లేతు దగ్గర నిలబడినవాడు ఆ కూలికి బేరమాడడానికి సిగ్గుపడతాడు.

మరమ్మతు హక్కు గురించి కేంద్ర ప్రభుత్వం 2022లో ఒక సంఘాన్ని నియమించింది. విడిభాగాలు, వివరాల పుస్తకాలు కొనుగోలుదారుకు అందాలన్నది దాని ఆశయం. సంతోషమే. అయితే హక్కు కాగితం మీద ఉండి, చెయ్యి జేబులో ఉంటే ప్రయోజనమేమి?

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. ఒక గది, ఒక బల్ల, దానికొక వైసు, ఒక జత పానాలు, ఒక షాక్ పంపు, ఇంతే చాలు. వారానికొక గంట మన ఊరి సైకిలు మేస్త్రీని గురువుగా పిలిచి, గౌరవవేతనం ఇచ్చి, కుర్చీ వేసి కూర్చోబెడదాం. విద్యార్థినులకు కూడా అక్కడ సమానమైన చోటుండాలి.

మరమ్మతు అన్న మాట అరబీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన తెలుగులో చేరి, ఎవరి సొంతమో తెలియనంతగా కలిసిపోయింది. మాటను అంత ప్రేమగా ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లం, ఆ పనిని మాత్రం గడప బయటనే నిలబెట్టడం న్యాయమా? విద్యార్థులారా, ఆలోచించండి.