ఇసుక లీజుకు దళితవాడ సమ్మతి అక్కర్లేదా?

నేరెళ్లను మనం పోలీసు హింసగానే గుర్తుపెట్టుకున్నాం. 2017 జులైలో సిరిసిల్ల జిల్లాలోని ఆ ఊరి దగ్గర ఇసుక లారీ ఢీకొని ఒకరు చనిపోయారు. జనం లారీలు తగలబెట్టారు. పోలీసులు ఎనిమిది మందిని పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టారు. వారిలో ఎక్కువమంది దళితులు. ఒక ఎస్ఐని సస్పెండ్ చేశారు.

మేము అడిగేది అంతకు ముందు సంగతి. ఆ లారీలు తిరగొచ్చని ఎవరు ఒప్పుకున్నారు?

ఇసుక చిన్నతరహా ఖనిజం. 1957 గనుల చట్టం 15వ సెక్షన్ దాని లీజుల నిబంధనలను రాష్ట్రాలకు వదిలేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అయితే 1996 పెసా చట్టం అడ్డుంది: చిన్నతరహా ఖనిజం లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫార్సు తప్పనిసరి. (అమలు ఎలా ఉందో ఆదివాసీలను అడగాలి.) మైదానంలోని దళితవాడకు కాగితం మీద కూడా ఆ రక్షణ లేదు.

పర్యావరణ అనుమతి సంగతి చూస్తే, ఐదు హెక్టార్లలోపు లీజులకూ అది ఉండాల్సిందేనని దీపక్ కుమార్ కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 జనవరిలో కేంద్రం, నిర్వహణ పేరుతో జలాశయాల్లో తీసే పూడికను దాన్నుంచి మినహాయించింది. పూడికలో వచ్చేది ఇసుకైనా, దాన్ని మోసేది అవే లారీలు.

గ్రామసభ హక్కును మైదానానికీ విస్తరించాలి. లారీల దారి, వేళలు, ప్రమాద పరిహారం లీజు షరతుల్లోనే ఉండాలి. షరతు తప్పితే ముందు లీజు ఆగాలి. ఇప్పుడు ముందుగా అరెస్టయ్యేది ఊరివాళ్లే.